చప్పుడు చెయ్యని ఫ్యాను

మద్రాసులో కంప్యూటరు సామాన్లమ్మే రిచీ స్ట్రీట్‌లో నిలబడి చప్పుడు చెయ్యని ఫ్యాను వెతకడమంటే చేపల మార్కెట్టులో అగరొత్తి వాసన పట్టడమే. ఒక పక్క ఆటోల హారన్లు, ఇంకో పక్క స్పీకర్లు అమ్మే కొట్లో దడదడలు. మధ్యలో మా అమ్మ, కొట్టాయన తిప్పి చూపిస్తున్న, కంప్యూటరును చల్లబరిచే కూలరు దగ్గర చెవి పెట్టి, కళ్ళు మూసుకొని నిలబడింది.

"ఏం వినపళ్ళేదు పాపా. ఇదే తీసుకో."

"ఈడ నా అరుపే నీకు వినపడదు, ఇంక ఫ్యానేం వినపడతాది!" అన్నాను.

కంప్యూటరు అమ్మ కోసమే. వాషర్‌మెన్‌పేటలో పుట్టి పెరిగి, కుట్టుమిషను తొక్కి నన్ను చదివించిన మనిషి. పెళ్ళిళ్ళలో విజయవాడ వైపు చుట్టాలు "మీ మద్రాసు తెలుగు భలే తమాషాగా ఉంటుందండీ" అని నవ్వితే ఆ పూటంతా నోరు మెదపదు. అందుకే, పిల్లలకు కథలు వినిపించే యాప్ వాళ్ళు గొంతులు కావాలని అడిగినప్పుడు ఆమెకు చెప్పకుండానే ఆమె గొంతు ఫోనులో రికార్డు చేసి పంపేశాను. గొంతూ యాసా రెండూ నచ్చాయనీ, ఇంట్లోనే కంప్యూటరూ మైకూ పెట్టుకొని, వెనక ఏ మోతా లేకుండా ఇంకొక నమూనా పంపమనీ జవాబొచ్చింది. ఆయుధపూజ సెలవులు ముగిసేలోగా పంపాలి. బాగుంటే పని ఖాయం.

"యాస కూడా నచ్చిందనా రాశారు? సరిగ్గా చూడు పాపా" అని ఆ జవాబును నాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. ఆ మొహం చూశాక, ఈ పని పోతే మటుకు నేను తట్టుకోలేననిపించింది.

నేను షోళింగనల్లూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత పనులు కుదరవు. పైగా విడిభాగాలు కొని నా చేత్తో కంప్యూటరు బిగించాలని నాకెప్పట్నుంచో పిచ్చి. మా ఇంట్లో చోటు మాత్రం లేదు. ఉన్నది ఒక గది, ఒక వంటిల్లు. కుట్టుమిషను అంగుళం కూడా కదలకూడదని అమ్మ ఆర్డరు. మిగిలింది దాని పక్క బల్ల మీద కాస్త జాగా. అందుకని కంప్యూటరు బిగించడానికి బియ్యం డబ్బా అంత పెట్టె కొన్నాను. అక్కడే తంటా వచ్చింది.

ప్రాసెసరుతో పాటు ఊరికే ఇచ్చిన కూలరు పొట్టిదే గానీ, కాస్త పనిపెడితే చాలు మిక్సీలా అరుస్తుంది. గోపురంలా నిలబడే పెద్ద కూలరు చప్పుడు చెయ్యదు, కానీ పెట్టె మూత పడదు. అమ్మ కుట్టుపని టేపుతో నేను కొట్లో ఒక్కోటీ కొలుస్తుంటే కొట్టాయన ముసిముసిగా నవ్వాడు. నీళ్ళతో చల్లబరిచేది చూపించాడు.

"లారీ నీళ్ళకు బిందెలు పట్టుకొని పరిగెత్తే ఊళ్ళో దీనికి కూడా నీళ్ళా?" అంది అమ్మ.

రంగురంగుల లైట్లది తీశాడు. "ఏంది, పెళ్ళిపందిరా?"

చివరికి దోసెపెనంలా చదునుగా ఉన్నదొకటి దొరికింది. ఎత్తు తక్కువ, రెక్కలు వెడల్పు, తిరగడం మెల్లగా. ఆ సాయంత్రమే బిగించి ఆన్ చేశాను. "ఆన్ చేశావా లేదా?" అని అమ్మ అడిగిందంటే చూడండి. నా అంతటిది లేదనుకున్నాను.

వైర్లు సర్దడం మిగిలిందని మూత వెయ్యలేదు. మర్నాడు ఆయుధపూజ. నేను మరమరాలూ అరటిపళ్ళూ తెచ్చేలోగా అమ్మ పూజ కానిచ్చేసింది. కుట్టుమిషనుకు బొట్టు, కత్తెరకు బొట్టు, కత్తిపీటకు బొట్టు, నా స్కూటరుకు బొట్టు, ఆఖరికి స్విచ్‌బోర్డుకూ బొట్టే. నేను గబగబా వైర్లు సర్ది, మూత బిగించి, అమ్మను మైకు ముందు కూర్చోబెట్టాను.

గుర్ర్ర్ర్...

పెట్టె కింద తువ్వాలు మడిచి పెట్టాను. మైకు దూరం జరిపాను. ఫ్యాను వేగం తగ్గించాను. ఊహూఁ. నా ఎంపికే తప్పయిందని నన్నూ, అంటగట్టాడని కొట్టాయన్నీ నోరారా తిట్టుకున్నాను. పండగపూట కొట్లన్నీ మూసేసుంటాయి, ఇంకొకటి కొనడానికీ లేదు.

"పోనీలే పాపా" అంది అమ్మ మెల్లగా. "నా మాటకింత ఆర్భాటమెందుకు? మాకొద్దని చెప్పెయ్యి వాళ్ళకు."

నాకు ఏడుపొచ్చినంత పనైంది. కూలరును ఊడపీకేద్దామని మూత తీశాను. ఒక రెక్క మీద దట్టంగా గంధం, దాని మీద కుంకుమ! ఇల్లంతా బొట్లే కదా, పొద్దున ఆ ఎర్రచుక్క నా కంటికి ఆననే లేదు. ఒక్క రెక్కే బరువెక్కి ఫ్యాను అదురుతోంది.

"అమ్మా! ఇదేంది?"

"బొట్టు" అంది తాపీగా. "మిషనుకు చక్రం మీద పెడతా గదా. దీంట్లో తిరిగేది అదొకటే కనపడింది. రేపు నాకు కూడు పెట్టబోయేది, వట్టిగా వదిలేస్తానా?"

కడుపు పట్టుకొని నవ్వాను. నేను బొట్టు తుడుస్తుంటే అమ్మ లెంపలు వేసుకొని, పక్కకు తిరిగి నిలబడింది. మూత వేశాం. ఫ్యాను మళ్ళీ నోరు మూసుకుంది. అమ్మ తెరిచింది. కోడికీ నక్కకూ జరిగిన కథ, ఈడా ఆడా అంటూ, నాకు చిన్నప్పుడు చెప్పినట్టే చెప్పింది.

హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాను.

"ఇది నేనేనా?"

"నువ్వే."

"నా మాట ఇంత బాగుంటాదా?"

తలూపాను.

పని దొరికింది. ఇప్పుడు అమ్మ పొద్దున జాకెట్లు కుడుతుంది, మధ్యాహ్నం కథలు చెబుతుంది. విజయవాడ చుట్టాల మనవరాలు అమ్మ కథ వింటే గానీ అన్నం తినదట. ఆ సంగతి అమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంది.

ఈ ఏడు ఆయుధపూజకు గంధం గిన్నె పట్టుకొని నా దగ్గరికే వచ్చింది. "దీనికేడ పెట్టాలో నువ్వే చూపించు తల్లీ, మళ్ళీ రాద్ధాంతం చేస్తావు." పెట్టె మూత చూపించాను. పద్ధతిగా పెట్టింది. తర్వాత మిషనుకు, కత్తెరకు.

అన్నీ అయ్యాక, నేను చూడ్డంలేదనుకొని, గిన్నెలో మిగిలిన గంధం వేలికి తీసుకొని తన గొంతు మీద చిన్న బొట్టు పెట్టుకుంది.