పేరు పెట్టి పిలిచాను

మా టీచరుగారు మొన్న శుక్రవారం మధ్యాహ్నం పోయారు. విశాఖపట్నం మల్కాపురంలో మా వీధివాళ్ళు ఆ కబురు ఒకరికొకరు చెప్పుకున్నప్పుడు కూడా "టీచరుగారు పోయారు" అనే అన్నారు. ఆవిడకి ఇంకో పేరుందని ఎవరికీ గుర్తు రాలేదు. నేను మాత్రం ఆ పేరు తలుచుకోకుండా గంటసేపు కూడా ఉండలేకపోతున్నాను. అది ఇక్కడ రాయను. ఒకసారి పిలిచిందే చాలు.

మూడో తరగతిలో ఆవిడ మాకు తెలుగు చెప్పారు. నాన్నలు పోర్టులోనో రిఫైనరీలోనో పనిచేసే పిల్లలం. నాను, ఏటి, సేపలు అని మాట్లాడేవాళ్ళం. ఆవిడ ఏనాడూ కొట్టలేదు. నోరు తెరిచినప్పుడల్లా ఆపి, "నాను కాదమ్మా, నేను" అని మళ్ళీ అనిపించేవారు. ఆవిడ నోట మా వీధి మాట ఒక్కటి కూడా వినలేదు నేను. ఎక్కడో గోదావరి వైపు పుట్టి ఉంటారనుకునేదాన్ని. పక్క సందులోనే పుట్టారని చాలా ఏళ్ళకి తెలిసింది. ఈ నాలుగు మాటలు తప్పుల్లేకుండా రాస్తున్నానంటే ఆవిడ చలవే.

ఇంకో పట్టింపు "గారు". హార్బరు నుంచి చేపల బుట్ట నెత్తిన పెట్టుకొచ్చే మనిషిని మేం "సేపలూ" అని కేకేస్తే టీచరుగారికి ఒళ్ళు మండేది. తను మాత్రం పేరడిగి, పక్కన గారు చేర్చి, అప్పుడు బేరం మొదలుపెట్టేవారు. బేరం గట్టిగానే ఆడేవారు. "గారు అంటే పేరుకి వేసే కుర్చీ. మనిషిని నిలబెట్టి మాట్లాడకూడదు" అనేవారు. ద్వారకా నగర్‌లో మా ఆఫీసు పిల్లలు మేనేజర్ని కూడా పేరు పెట్టి పిలుస్తారని చెబితే, పాపం ఆయన రోజంతా నిలబడే ఉంటాడన్నమాట అన్నారు.

ఆస్పత్రిలో చేర్చాక ఆవిడ కళ్ళు తెరవలేదు. పిలుస్తూ ఉండండి, పలికితే ఆశ ఉంది అన్నారు డాక్టరు. ఆవిడ చెల్లెలు "అక్కా" అంది. నేను టీచరుగారూ అని గొంతు పోయేదాకా పిలిచాను. నర్సు అమ్మగారూ అంటూ చెంప తట్టింది. ఎవరికీ పలకలేదు. చివరికి ఆ నర్సే, ఇలాంటప్పుడు పేరు పెట్టి పిలవాలండీ, సొంత పేరైతే లోపలిదాకా వెళుతుంది అంది.

నేను చెల్లెలి వైపు చూశాను.

"అక్కని పేరెట్టి నానెలా పిలుత్తానే? మాయమ్మొక్కర్తే అలగ పిలిసీది" అని ఏడ్చింది.

ఇక మిగిలింది నేను. పిలవకపోతే ఆవిడ దక్కరు. అంతే అనుకుని చెవి దగ్గరికి వంగి, గారు లేకుండా, ఆ పేరు పిలిచాను. వీధిలో ఆడుకుంటున్న పిల్లని అన్నానికి పిలిచినట్టు, సాగదీసి, గట్టిగా పిలిచాను.

పెదవులు కదిలాయి.

"వత్తన్నానమ్మా" అన్నారు. "నాను వత్తన్నాను."

మా టీచరుగారు అన్నారు ఆ మాట. పలికింది, పలికింది అని చెల్లెలు నా చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది. కానీ ఆవిడ పలికింది నాకు కాదు. వాళ్ళమ్మకి. నేను పిలవకూడని పిలుపు పిలిచాను, ఆవిడ అటు బయలుదేరిపోతున్నారు. పిలిచిన పేరుని ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియలేదు. మంచం కడ్డీ పట్టుకుని, "టీచరుగారూ, నాను కాదండీ, నేను" అన్నాను. "నేను అనండి. ఒక్కసారి అనండి." చిన్నప్పుడు ఆవిడ నాకు అనిపించినట్టే, మళ్ళీ మళ్ళీ అన్నాను.

ఆవిడ దిద్దుకోలేదు. నర్సు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసేసరికి, ఆ పెదవులు "వత్తన్నాను" దగ్గరే ఇంకా కొంచెం తెరుచుకుని ఉన్నాయి.