స్వామికి వేడిగా, మామగారికి ఆరాక

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది ధనుర్మాసంలో ఒకరోజు మామగారు గుడి నుంచి వచ్చి వాకిట్లోనే కూలబడిపోయారు. నేను నీళ్ల చెంబు తెచ్చేసరికి ముఖమంతా చెమట, పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "ఏమీ లేదమ్మా, ఎండ తగిలినట్టుండాది" అన్నారు. ధనుర్మాసంలో తిరుపతిలో ఎండ ఎవరికి తగులుతుంది?

ఆయనది మడపల్లిలో, అంటే గుడి వంటశాలలో, కైంకర్యం. తెల్లవారకముందే వెళ్లి పొంగలి, పులిహోర, దద్ధ్యోదనం వండుతారు. మధ్యాహ్నం స్వామికి ఆరగింపు అయ్యేదాకా గుక్కెడు నీళ్లయినా ముట్టరు. కడుపులో మంట చాలాకాలంగా ఉందనీ, విరేచనం తారులా నల్లగా అవుతోందనీ అత్తయ్య ఆ సాయంత్రం ఏడుస్తూ చెప్పేదాకా నాకు తెలియదు.

పెద్దాసుపత్రిలో హీమోగ్లోబిన్ బాగా తక్కువుందని రక్తం ఎక్కించారు. కాస్త తేరుకున్నాక సున్నపునీళ్లలాంటి మందు తాగించి ఎక్స్‌రేలు తీశారు. దాన్ని బేరియం మీల్ అంటారట. డాక్టరుగారు ఫిల్ము వెలుతురుకి పట్టి వేలితో చూపించారు. "డుయోడినల్ అల్సర్. ఇదిగో, పుండు ఇక్కడుంది." భయపడాల్సిన చోట నేను కళ్లప్పగించి చూస్తుండిపోయాను. రోజూ నేను అన్నం వడ్డించే మనిషి లోపల ఏముందో అంత తేటగా కనిపించడం నాకు మహా వింతగా తోచింది.

"స్వామీ, మందులు నేనిస్తా. కడుపు మాత్రం ఖాళీగా ఉండకూడదు. రెండు గంటలకోసారి పాలు, బ్రెడ్డు తీసుకోండి. మళ్లీ బ్లీడింగ్ అయితే ఆపరేషనే. ఈ ఒంటితో మీరు దాన్ని తట్టుకుంటారని నేను చెప్పలేను" అన్నారు డాక్టరుగారు.

మామగారు చేతులు జోడించారు. "స్వామికి ఆరగింపు కానిది నా గొంతు దిగదు డాక్టరుగారూ. అంగడి బ్రెడ్డు నాకొద్దు."

ఇంటికొచ్చాక మా ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు. గోడకి చెప్పుకున్నట్టే అయింది. అత్తయ్య రెండు పూటలా మడి కట్టుకుని వండి ఆరగింపు పెట్టేది. ఆ అన్నమే ఉంచి మధ్యలో పెడదామంటే, చల్లారి గట్టిపడిన మెతుకు ఆయన మింగలేకపోయేవారు. ఉత్త పాలు తాగి, కాసేపటికే పొట్ట పట్టుకుని ముడుచుకుపోయేవారు. చూస్తుండగానే మనిషి సగమైపోయారు. ఇక దక్కరేమో అనిపించింది.

నేను పనిచేసే బడికి మేరీ టీచరు రేణిగుంట రైల్వే క్వార్టర్స్ నుంచి వచ్చేది. వాళ్లింట్లో బ్రెడ్డు వాళ్లే చేసుకుంటారు. నా గోడు విని నవ్వేసింది. "దీనికేనా ఇంత ఏడుపు? నువ్వే చేసి మీ సామికే పెట్టు. దీంట్లో గుడ్డూ లేదు, గిడ్డూ లేదు. మీ దోసెపిండి పులిసినట్టే ఇదీను." ఆదివారం వాళ్లింటికెళ్లి నేర్చుకుని, కాస్త ఈస్టు తెచ్చుకున్నాను. ఆమె రేకు డబ్బాలో గుడ్డు వేసిన కేకులు కూడా కాలుస్తుంది కాబట్టి, నేను కొత్త డబ్బా చేయించుకున్నాను.

మడి కట్టుకుని, గోరువెచ్చని నీళ్లలో నురగెత్తిన ఈస్టును గోధుమపిండిలో పోసి, ఉప్పూ కాస్త బెల్లమూ కలిపి, చేతులు పడిపోయేదాకా పిసికి తడిబట్ట కప్పాను. కాసేపటికి అత్తయ్య కేకేసింది. "అమ్మాయ్, ఈడికొచ్చి సూడు! లోపల ఎవురో ఊపిరి పీలుస్తా ఉండారు!" బట్ట గుండ్రంగా పైకి లేచి ఉంది. అత్తాకోడళ్లం నోళ్లు తెరుచుకుని నిలబడిపోయాం.

గుండిగలో ఇసుక పోసి, డబ్బా అందులో పెట్టి, కింద కుంపటి, మూత మీద నిప్పులతో కాల్చాం. ఆ వాసనకి మామగారు మంచం మీద లేచి కూర్చున్నారు. తప్పు ఇక్కడే చేశాం. మా ఇంట్లో ఆరగింపంటే పొగలు కక్కుతూ ఉండాలి. దించీ దించగానే కోసి, స్వామికి పెట్టి, ఆ వేడిమీదే ఆయనకిచ్చాం. లోపలంతా జిగురు. పాపం, ఆయన ముక్క మిగల్చకుండా తిన్నారు. సాయంత్రానికల్లా నొప్పితో మెలికలు తిరిగిపోయారు. వాంతిలో కాఫీపొడిలాంటి నలుసులు పడ్డాయి.

మళ్లీ ఆసుపత్రి. నా చేతులారా చంపుకున్నానని వరండాలో కూర్చుని ఏడ్చాను. చివరికి డాక్టరుగారు బయటికొచ్చారు. "బ్లీడింగ్ ఆగింది. ఇది మీ బ్రెడ్డు వల్లేనని చెప్పలేనమ్మా. కానీ వేడివేడిగా, జిగురుగా ఉన్నది పెట్టకండి. బాగా ఆరనివ్వండి."

అత్తయ్య ఇంక బ్రెడ్డు మాటెత్తొద్దంది. మామగారే మంచం మీద నుంచి చెయ్యెత్తారు. "కోయకుండా స్వామికి వేడిగా పెట్టమ్మా. నాకు ఆరినాక ఇయ్యి. చల్లారినా ప్రసాదం ప్రసాదమే గదా."

అలాగే చేశాం. పూర్తిగా ఆరాక కోస్తే ముక్క దూదిలా మెత్తగా వచ్చింది. రెండు ముక్కల మధ్య వెన్న రాసి, పాలల్లో ముంచి, డాక్టరుగారు చెప్పిన వేళల్లో ఇస్తూ వచ్చాను. మెల్లగా విరేచనం రంగు మారింది. బుగ్గలు పూడాయి. ఒకనాటి పొద్దున ఆయన, "అమ్మా, ఆకలేస్తా ఉండాది" అన్నారు. ఎన్నాళ్లకు విన్నానో ఆ మాట! తర్వాత తీసిన ఎక్స్‌రేలో పుండు లేదు. "హీల్ అయింది. మచ్చ మాత్రం మిగిలింది" అన్నారు డాక్టరుగారు. కంటికి కనపడని చోట మాంసం తనంతట తానే అతుక్కుంది! అపచారమైతే స్వామి క్షమించాలి, ఇంతటి వింత నేను కొండ మీద కూడా చూడలేదు.

ఇప్పుడు ఆయన మళ్లీ కైంకర్యానికి వెళ్తున్నారు. గుడి పెద్దలు ఒప్పుకోవడంతో, నిన్నటి ప్రసాదం బ్రెడ్డు పాలల్లో ముంచి తిని మరీ బయలుదేరుతారు. పోయిన నెలలో ఒకరోజు, కోసిన ముక్కలు ఆయన పళ్లెంలో పెట్టబోతే పళ్లెం నా వైపు తోశారు. "మేమందరం తిన్నాక గదమ్మా మీ అత్తాకోడళ్లిద్దరూ తినేది. పొద్దు వాలేదాకా మీవీ ఖాళీ కడుపులే గదా. మీకు మంట లేదా?"

నేను లేదన్నాను. అత్తయ్య మాత్రం తల వంచుకుని, "ఉండాది" అంది.

మర్నాడే ఆమెను డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాం. ఇంకా పుండు దాకా రాలేదన్నారు. మీకు నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంట్లో అందరి తర్వాత తినేది ఎవరో వాళ్లను ఈ పూటే పక్కన కూర్చోబెట్టుకుని, కడుపులో ఎలా ఉందని అడగండి. అడిగితే తప్ప వాళ్లు చెప్పరు.