తొమ్మిదో బొమ్మ దగ్గర ఆగిపోయాను

ప్రభువునందు ప్రియ సహోదరులారా, ఈ మాట చెప్పాలంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది!

నేను శంషాబాద్‌లో దుకాణాలకు బోర్డులు రాసి బతికేవాణ్ణి. విమానాశ్రయం వచ్చాక ఎటు చూసినా కొత్త దుకాణాలే, కానీ అందరూ ఫ్లెక్సీలే కట్టుకుంటుంటే నా కుంచె మూలపడింది, నేను తాగుడులో పడ్డాను, పొద్దున మొదలుపెడితే ఇంటికెలా చేరానో కూడా తెలిసేది కాదు! అయినా అందరితో గొప్పగా చెప్పుకునేవాణ్ణి, తాగుతాను గానీ నా బిడ్డ మీద ఎన్నడూ చెయ్యి వేయలేదని. నిజంగా అలాగే నమ్మాను సహోదరులారా!

మా పాస్టరయ్యగారు నన్ను వదల్లేదు. 2012లో "జర నా మాట విను తమ్మీ, నీ చేతిల బొమ్మ ఉన్నది, కంప్యూటర్ మీద నేర్సుకో" అని అత్తాపూర్‌లో యానిమేషన్ క్లాసులో చేర్పించారు. క్లాసులో ఉన్నంతసేపు బుద్ధిగా కూర్చునేవాణ్ణి, బస్సు దిగగానే మళ్లీ తాగేవాణ్ణి.

ఒకరోజు సారు, ఫోన్లో తీసిన ఏదైనా వీడియో తీసుకుని అందులోని కదలికను సెకనుకు పన్నెండు బొమ్మల చొప్పున గీయమన్నారు. నా ఫోన్లో, ఎనిమిదేళ్ల మా గ్రేసు వాక్యం అప్పజెబుతుంటే నా భార్య తీసిన వీడియో ఉంది. చివర్లో నేను తలుపు తోసుకుని వస్తాను, అంతలోనే వీడియో ఆగిపోతుంది. ఆ చివరి సెకను గీయడం మొదలుపెట్టాను. ఆరో బొమ్మలో నా బిడ్డ రెండు చేతులూ తలమీద పెట్టుకుంది. నా చెయ్యి లేచింది తొమ్మిదో బొమ్మలో! నేను చెయ్యెత్తక ముందే ఆ పసిది తల దాచుకుంది! అంటే అది మొదటిసారి కాదు!

గీయడం అక్కడే ఆపేశాను. నేరుగా ఇంటికొచ్చి నా భార్యను అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"నీకు యాదికి లేదా? గిట్ల ఎన్నిసార్లు కొట్టినవో! తెల్లారి దెబ్బ జూసి, ఏడ పడ్డవ్ బిడ్డా అని మల్ల నువ్వే అడుగుతవ్!"

అక్కడే మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, నన్ను నాకు చూపించావు, ఇక ఇలా వదిలేయకు" అని ఏడ్చాను. పాస్టరయ్యగారు నన్ను దవాఖానకు తీసుకెళ్లారు, చేతులు వణికి, నిద్రలేక, పిచ్చెక్కినట్టున్న ఆ రోజుల్లో సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించింది. ఆనాటి నుండి ఒక్క చుక్క ముట్టలేదు, దేవునికే మహిమ!

గ్రేసు మాత్రం దాదాపు ఏడాది నా దగ్గరికి రాలేదు. ఒక మధ్యాహ్నం సండేస్కూలు పిల్లల కోసం కంప్యూటర్‌లో ఎగిరే పావురం బొమ్మను చేస్తుంటే, వచ్చి నా భుజానికి ఆనుకుని నిలబడింది.

"బాపూ, పిట్ట గట్ల ఎగురదు. రెక్క ఇంకా కిందికి రావాలె."

నేను కదిలితే వెళ్లిపోతుందేమోనని ఊపిరి బిగబట్టాను సహోదరులారా!

మీ ఇంట్లో మీరేం చేస్తున్నారో మీకే తెలియకపోవచ్చు. ఇవాళే మీవాళ్లను అడగండి. వాళ్లు చెప్పేది విని తట్టుకోలేకపోతే యేసయ్య దగ్గరికి రండి, నా వంటివాణ్ణే ఆయన తోసివేయలేదు!