దరువు దించుండ్రి

మీరు నవ్వుకుంట ఫోన్ చేసినప్పుడు నాకు కోపం రాలె బిడ్డా. భీవండిల ఉన్న మీ దాక పోయిందంట గద గా వీడియో. స్టేజీ మీద ఒక ముసల్ది, కొంగు జారిపోయింది, మైకు పట్టుకోని "కొట్టుండ్రి, ఆపకుండ్రి, కొట్టుండ్రి" అని ఒర్రుతాంది. కింద పోరగాళ్ళు ఈలలేస్తున్నరు. "అవ్వా, నీకు గింత ఊపున్నదని మాకు తెల్వకపాయె" అన్నరు మీరు. ఊపు కాదు నాయినా. భయం. అసలు సంగతి ఫోన్ల పడలె. అది నేను జెప్త, జర ఇనుండ్రి.

మా చెల్లె మీకెరికే గద, మీ చిన్నవ్వ, కేతేపల్లిల ఉంటది. దానికి పెండ్లి గాక ముందు సంది శిగం వస్తది, అమ్మవారు ఒంటి మీదికొస్తది. బోనాల నాడు డప్పు దరువు జోరందుకుంటే సాలు, ముందు దాని కాలి బొటనవేలు కదులుతది. తర్వాత భుజాలు. తర్వాత కొప్పు ఊడిపోతది. ఇగ అది మా చెల్లె కాదు, ముత్యాలమ్మే. మీరు పట్నపోళ్ళు, నమ్మితే నమ్ముండ్రి, లేకుంటే లేదు. నేను మాత్రం చిన్నప్పటి సంది సూస్తున్న, సూసిన ప్రతిసారి భయపడుతనే ఉన్న.

శిగం తెచ్చుడు అల్కనే, దించుడే కష్టం. శిగమొచ్చినోళ్ళ ముందల డప్పును దప్పున ఆపొద్దు. దరువును మెల్లమెల్లగ దించుకుంట రావాలె, పసిపిల్లను సంకలకెల్లి కిందికి దించినట్టు. "ఎవరు తల్లీ, ఏం గావాలె" అని అడగాలె. ఆమె అడిగినదానికి మాటియ్యాలె. గప్పుడు పసుపు నీళ్ళు జల్లితే మనిషి మనిషైతది. నడుమల డప్పాపితే మనిషి కూలిపోతది. ఊరోళ్ళందరికి ఎరికైన ముచ్చటే ఇది.

పోయినేడు దానికి గుండెనొప్పి వచ్చింది. నల్లగొండ దవాఖానకు తీస్కపోతే ఆడికెల్లి పట్నం పంపిండ్రు, గుండె నరంల స్టంటు ఏసిండ్రు. ఇంటికి పంపే నాడు డాక్టరమ్మ, బరువు మొయ్యొద్దు, ఎగురొద్దు, ఆయాసం రావొద్దు అని జెప్పింది. నేను పక్కకు పోయి శిగం సంగతి చిన్నగ చెవుల ఏసిన. నవ్వుతదేమో అనుకున్న. నవ్వలె. "అవ్వా, అది మాత్రం అస్సలు రానియ్యకుండ్రి. ఆమె గుండె తట్టుకోదు" అన్నది.

అందుకే బోనాలకు దాన్ని కట్టంగూరుకు మా ఇంటికి తీసుకొచ్చుకున్న. మా ఊరి డప్పులు గూడ ఇనపడకుండ తలుపులేసి, కిటికీలేసి, టీవీ పెద్దగ పెట్టిన. అది మంచంల అటు మొకం తిప్పి పండుకున్నది, పొద్దంత నాతోని మాట్లాడలె.

ఇగ ఆ వీడియోల ఉన్న పాటల పండుగ ముచ్చటకొస్త. దాని మనుమరాలు, బిడ్డ బిడ్డ, నల్లగొండల డిగ్రీ సదువుతాంది. సదువుతోని పాటు డ్రమ్ములు గూడ నేర్సుకున్నది. ఎండకాలం మొదట్ల హైవే పక్కకు, బత్తాయి తోట దాటినంక ఖాళీ జాగల కాలేజి పోరగాళ్ళు పాటల పండుగ పెట్టిండ్రు. ఒక బ్యాండు దిగంగనే ఇంకో బ్యాండు ఎక్కుతదంట, పొద్దుగూకే దాక. నేను కేతేపల్లిల ఉన్ననాడే ఆ పిల్ల ఇంటికొచ్చి, "అమ్మమ్మా, నువ్వు రాకుంటే నేను కొట్టనే కొట్ట" అని కూసున్నది.

"ఏం కొడతరే ఆడ?" అని అడిగిన నేను.

"గిటార్లు, కీబోర్డు, నా డ్రమ్ములు. అంతే పెద్దమ్మమ్మా."

"డప్పులు లేవు గద?"

"లేవు లేవు."

అప్పటికి ఆ పిల్లకు గూడ తెల్వదు పాపం. అబద్ధమాడలె.

అయినా నాకు నిమ్మళం లేదు. ఒక చిన్న సీసల పసుపు నీళ్ళు కలిపి సంచిల పెట్టుకున్న. రెండు ఏపరెమ్మలు బొడ్ల చెక్కుకున్న. గేటు కాడ ఉన్నాయన సంచిల చెయ్యి పెట్టి సీస బయటికి తీసిండు.

"అవ్వా, సీసలు లోపలికి పోనియ్యం."

"పసుపు నీళ్ళు నాయినా."

"ఏ నీళ్ళైనా అంతే. లోపల నీళ్ళు పెట్టినం, తాగు."

"తాగేటందుకు కాదు."

"మరెందుకే?"

మా చెల్లె నన్ను గుంజింది. "నడువే అక్కా, ఎనకోళ్ళు ఆగిండ్రు. పసుపు నీళ్ళకు పంచాదేంది నీకు" అన్నది. సీస ఆడనే ఉండిపాయె.

బ్యాండోళ్ళ ఇంటోళ్ళమని మమ్ముల ముందల కుర్సీలల్ల కూసోబెట్టిండ్రు. అదే పెద్ద తప్పాయె. మా పక్కకే మనిషెత్తు సౌండు బాక్సులు. మొదటి బ్యాండు సురు చెయ్యంగనే గా సప్పుడు చెవులకు కాదు, రొమ్ములకు తాకింది. నా రొమ్ము అదురుతుంటే నేను దాని రొమ్మును సూస్తున్న. నాది మంచి గుండె, దాని గుండెల స్టంటున్నది. ఎనక కుర్సీలకు పోదామే అంటే అది ఇనలె. మొక్కజొన్న ప్యాలాలు నములుకుంట, "నీ మొకమేందే అక్కా గట్లున్నది, సంతకు తోలే మ్యాక లెక్క" అన్నది.

"నువ్వు కాలు ఊపకు."

"దోమ కుట్టింది, గోక్కుంటున్న. గోక్కునుడు గూడ బంద్ చెయ్యాల్నా?"

ఒక బ్యాండు దిగింది, ఇంకోటెక్కింది. పాట ఒక్కటి సమజైతలేదు. ఒక పొడుగు జుట్టు పోరడు స్టేజీ ముందల నిలబడి జుట్టంత మొకం మీదేసుకోని తల ఊపుతాండు, ఊపుతాండు. నాకైతే పానం ఆగలె. ఈనికెవరో వచ్చిండ్రు, పట్టుకునేటోళ్ళు లేరా అని లేశి నిలబడ్డ. మా చెల్లె కొంగు నోట్ల కుక్కుకోని నవ్వుతాంది. "పో అక్కా, ఎవరు తల్లీ అని అడుగుపో. సెల్ఫీ గావాలె అంటడు." ఆ పోరడు పాట కాంగనే జుట్టు ఎనకకు తోసుకోని ఐస్‌క్రీం బండి దిక్కు పోయిండు. నేను కూసున్న. జర సిగ్గైంది, జర ధైర్యం గూడ వచ్చింది. ఈడి వాయింపుకు ఏ తల్లి రాదులే అనుకున్న.

పొద్దు పడమటికి వాలినంక దాని మనుమరాలు ఎక్కింది. నల్ల బనీను, జుట్టు గట్టిగ కట్టుకున్నది. మమ్ములను సూశి చెయ్యి ఊపింది. మా చెల్లె లేశి రెండు చేతులు ఊపింది, పక్కోళ్ళకు "నా మనుమరాలు, నా బిడ్డ బిడ్డ" అని జెప్పుకున్నది. మొదటి పాట మంచిగ కొట్టింది పిల్ల. నాకు గూడ కండ్లల్ల నీళ్ళు తిరిగినయి.

గప్పుడే నాకు పొగ వాసనొచ్చింది. వరిగడ్డి పొగ. స్టేజీ ఎనకకెల్లి సన్నగ లేస్తాంది. తర్వాత ఒక్క దెబ్బ ఇనపడ్డది, ఖంగుమని. డప్పును మంట మీద కాపినంక, తోలు బిగిసిందా లేదా అని ఒక దెబ్బ కొట్టి సూస్తరు. గా దెబ్బే.

"చెల్లె, పా. నీళ్ళు తాగొద్దాం."

"ఇప్పుడా? పిల్ల కొడుతుంటెనా? నువ్వు పో."

"నాకు కండ్లు తిరుగుతున్నయే. తోలుకపో నన్ను."

"కూసున్నోళ్ళకు కండ్లెట్ల తిరుగుతయే?"

నేను దాని రెక్క పట్టి గుంజుతనే ఉన్న, ఇద్దరు డప్పులోళ్ళు స్టేజీ ఎక్కనే ఎక్కిండ్రు. ఆ పిల్ల గూడ ఆశ్చర్యంగ వాళ్ళ దిక్కు సూసింది. పాట పాడేటాయన గడియ కింద వాళ్ళను పిలుసుకొచ్చిండంట, ఊపొస్తదని. డప్పందుకున్నరు. పిల్ల డ్రమ్ములు దాని ఎంబడి కలిసినయి. బాక్సులల్లకెల్లి గా దరువు వస్తుంటే భూమి అదిరింది.

నేను దాని కాలు సూసిన. బొటనవేలు.

"వొద్దే, వొద్దే, నా దిక్కు సూడు" అని మొకం రెండు చేతులతోని పట్టుకున్న. అది నా దిక్కు సూసింది గని నన్ను సూడలె. కొప్పు ఊడింది. గొంతులకెల్లి "హూఁ" అని ఒక సప్పుడొచ్చింది. నన్ను ఒక్క తోపు తోసింది, నేను కుర్సీలల్ల పడ్డ. లేశి సూస్తే అది నిలబడి ఊగుతాంది. చుట్టు పోరగాళ్ళు గుండ్రంగ జరిగి ఫోన్లు పైకెత్తిండ్రు. ముసల్ది డాన్సు చేస్తాందని సప్పట్లు కొడుతున్నరు. "ఆమెకు గుండె ఆపరేషనైంది" అని ఒర్రిన. ఎవ్వరికి ఇనపడలె. నా మాట నాకే ఇనపడలె.

డాక్టరమ్మ మాట యాదికొచ్చింది. కండ్ల ముందల నా చెల్లె సచ్చిపోతది అనుకున్న. ఇగ ఉరికిన. స్టేజీ మెట్లు ఎట్లెక్కిన్నో నాకు తెల్వదు. డప్పులోళ్ళకు దరువు దించమని జెప్పుదామని ఉరికిన. గని నన్ను సూడంగనే ఆ పిల్ల కిందికి సూసింది. అమ్మమ్మను సూసింది. కట్టెలు చేతులకెల్లి జారి పడ్డయి. అది ఆపంగనే డప్పులోళ్ళు ఆపిండ్రు, గిటారాయన ఆపిండు. అంత సప్పుడు ఒక్కపారి బంద్.

కింద మా చెల్లె ఊగేది ఊగేటట్టే ఆగి, దారం తెగినట్టు ఎనకకు పడ్డది.

గప్పుడు పట్టుకున్న మైకు. "ఆపకుండ్రి! కొట్టుండ్రి! దరువు దించుండ్రి, మెల్లగ దించుండ్రి!" అని. మీ వీడియోల కొట్టుండ్రి అన్న కాడికే వచ్చినట్టున్నది. డప్పులోళ్ళు బిత్తరపోయి సూస్తున్నరు. ఆ పిల్ల ఏడుస్తాంది. "పెద్దమ్మమ్మా, నేను కొట్ట. అమ్మమ్మ సచ్చిపోతది. నేను కొట్ట."

"నువ్వే కొట్టాలె బిడ్డా. మెల్లగ. అమ్మను కిందికి దించుకుంట రా."

కింద పడ్డ కట్టెలు ముట్టలె. కాలితోని కొట్టే పెద్ద డ్రమ్ముంటది గద, దాన్ని తొక్కింది. ధడ్. ధడ్. ఒక్కొక్క దెబ్బ. డప్పాయన ఒకాయనకు సమజైంది, ఏలితోని సన్నగ అందుకున్నడు. నేను మళ్ళ కిందికి ఉరికిన. చెల్లె తలకాయ ఒళ్ళ పెట్టుకున్న. కండ్లు తెరిశే ఉన్నయి, మొకమంత చెమట, పండ్లు కరిసిపట్టింది. ఏపరెమ్మ తీశి, ఎవరో ఇచ్చిన తాగే నీళ్ళల్ల ముంచి మొకం మీద జల్లిన.

"ఎవరు తల్లీ? ఏం గావాలె?"

ధడ్. ధడ్.

"నన్ను తలుపులేసి దాసిండ్రు." దాని గొంతు కాదది. "నా డప్పు నాకు ఇనపడకుంట చేసిండ్రు. నన్ను ఎందుకు ఎలేసిండ్రు?"

ఏమంటరు బిడ్డా మీరైతే? సరే తల్లీ, వచ్చే బోనాలకు చెల్లెను నీ డప్పు ముందల నిలబెడుతం అంటే, డాక్టరమ్మ వద్దన్న దానికే నేను మాటిచ్చినట్టు. అనకుంటే ఆమె దిగదు, దిగకుంటే గా గుండె ఈడనే ఆగుతది. దాని రొమ్ము మీద నా చెయ్యున్నది. లోపల పిట్ట కొట్టుకున్నట్టు కొట్టుకుంటాంది. ఇద్దరి భయమైంది నాకు, తల్లి భయం, చెల్లె భయం.

"బోనాలకు తీస్కపోతం తల్లీ. ఎదురుంగ నిలబెడుతం. శాంతించు" అన్న.

డ్రమ్ము ఇంకా మెల్లగైంది. దెబ్బకు దెబ్బకు నడుమ నేను దాని ఊపిరి ఇంటున్న. జర సేపటికి పండ్లు వదిలింది. "అక్కా, నీళ్ళు" అన్నది. మా చెల్లె గొంతే.

ఆడ పెట్టిన అంబులెన్సుల ఎక్కించి నల్లగొండ దవాఖానకు తోలిండ్రు. గుండెకు ఈసీజీ తీసిండ్రు, సూది ఏసిండ్రు. డ్యూటీల ఉన్న డాక్టరు, ఇప్పటికైతే ఏం లేదు, ఇంకొక్కసారి గిట్లైతే నా చేతుల లేదు అన్నడు. ఆ పిల్ల మంచం కాళ్ళ కాడ కూసోని, ఇగ డ్రమ్ము ముట్ట అని ఏడిసింది.

మా చెల్లెకు శిగంల అడిగిన మాటలు యాదుండయి, ఎన్నడుండలె. మూతి తుడుసుకోని నన్నే అడిగింది.

"ఏమడిగిందే తల్లి?"

జెప్పొద్దనుకున్న. గని మాటిచ్చింది దాని పానం మీద గద, దానికి తెల్వకుంట ఎట్ల? జెప్పిన. అది దుప్పటి పక్కకు తోశి లేశి కూసున్నది.

"మాటిచ్చినవు గద. ఇగ పోవాల్సిందే."

"డాక్టరు ఏమన్నడో ఇన్నవు గద!"

"ఇన్న. ఆయన జెప్పింది గుండె సంగతి." మనుమరాలి నెత్తి మీద చెయ్యేసింది. "ఏడ్వకే. బోనాల నాడు నా ముందల నువ్వు కొట్టు. ఎక్కిచ్చుడు అందరికొస్తది. దించుడు నీకొచ్చింది. దరువు పెంచకు, నన్ను సూసుకుంట కొట్టు."

ఆ పిల్ల నా దిక్కు సూసింది. నేను దాని దిక్కు సూసిన.

గప్పటి సంది ఆ పిల్ల ఆదివారం ఆదివారం కేతేపల్లికి వస్తాంది, నేను గూడ పోతున్న. అమ్మమ్మను ఎదురుంగ కూసోబెట్టుకోని, పీట మీద ఏళ్ళతోని మెల్లగ కొడుతది. అది కండ్లు మూసుకోని ఇంటది. నేను పక్కకే కూసోని దాని చెయ్యి పట్టుకోని నాడి సూస్తుంట. పీట మీద దెబ్బ జర జోరైతే సాలు, నా పట్టు బిగుస్తది. "ఒదులే అక్కా, చెయ్యి నొస్తాంది" అంటది. నేను ఒదుల.