మాఘమాసంలో పెట్టిన క్లారినెట్ సభ

కొత్త రీడును నాలుకమీద పెట్టి తడుపుతుంటే మొదట పచ్చిగడ్డి రుచి, దాని వెనకే కొంచెం వగరు తగులుతాయి. ఈ ఉదయం బాపట్ల సభకు బయలుదేరే ముందు అలా ఒకటి తడిపి చూసుకున్నాను. ఆ వగరు తగలగానే సాంబయ్య మాస్టారు ఎదురుగా కూర్చుని, "నమలకండి బాబూ, తడపండి చాలు" అంటున్నట్టే అనిపించింది. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయనను ఎరుగనివారికి ఆయన గురించి చెప్పాలంటే ముందు మా ఇంటి గురించి చెప్పాలి.

మా ముత్తాత రాఘవయ్య గారు తెనాలి చుట్టుపక్కల నూట ఇరవై ఎకరాల మాగాణికి ఆసామి. మా తాత సీతారామయ్య గారు, ఊళ్ళోకి వచ్చిన ఏ విద్వాంసుణ్ణీ మా సావిడిలో వాయించకుండా వెళ్ళనిచ్చేవారు కాదు. క్లారినెట్ అంటే ఆయనకు ప్రాణం. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో పెళ్ళిళ్ళకూ దేవుడి ఊరేగింపులకూ క్లారినెట్ ఊదేవాళ్ళందరూ ఏడాదికొకసారి, ఆషాఢమాసంలో, మా సావిడిలో చేరేవారు. రెండు పూటలా భోజనం మాది. ప్రవేశ రుసుమంటూ లేదు. వచ్చినవాడు కొత్త రీడు ఒకటి తెచ్చి గుమ్మం దగ్గరున్న వెండి పళ్ళెంలో వేయాలి, అంతే. రీడంటే క్లారినెట్ మూతికి బిగించే పలుచని రెల్లు పలక. అది లేనిదే ఆ వాయిద్యం పలకదు. సాయంత్రం పళ్ళెంలో రీడ్లు లెక్కపెడితే ఎంతమంది వచ్చారో తెలిసేది. తరువాత వాటిని ఆ ఏడాది కొత్తగా వాయిద్యం పట్టినవాళ్ళకు పంచేవారు. పళ్ళెం అంచున మా ముత్తాత పేరు చెక్కి ఉండేది. మా నాన్నగారి రోజుల్లో మాగాణి పోయింది, తరువాత సావిడి పోయింది. సావిడి ఉన్నచోట ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంటు ఉంది. అందులో రెండో అంతస్తులో నేను అద్దెకు ఉంటున్నాను. ఎవరైనా జాలిపడతారని ఇది చెప్పడం లేదు. ఉన్న సంగతి చెబుతున్నాను.

సావిడి పోయాక సభ ఊళ్ళు తిరగడం మొదలుపెట్టింది. ఒక ఏడు బాపట్లలో బడి వరండా, ఇంకో ఏడు రేపల్లెలో ఖాళీగా ఉన్న ధాన్యం గోడౌను. పళ్ళెం మాత్రం మా ఇంటినుంచే వెళ్ళాలి. దాన్ని ఉతికిన తువ్వాలులో చుట్టి, రైల్లో ఒడిలో పెట్టుకుని నేనే తీసుకువెళ్ళేవాణ్ణి. అలా వెళ్ళిన ఒక ఆషాఢంలో, నలభయ్యో ఏట, నాకూ క్లారినెట్ నేర్చుకోవాలనిపించింది. రేపల్లెలో బ్యాండు మేళం నడిపే సాంబయ్య మాస్టారిని అడిగాను. మా తాత సావిడిలో వాయించినవాళ్ళలో అప్పటికి మిగిలినవాడు ఆయన ఒక్కడే. పొట్టి మనిషి, బుగ్గలు మాత్రం ఊది ఊది సాగిపోయి ఉండేవి. నవ్వితే ఆ బుగ్గలు కళ్ళను మూసేసేవి.

ఆదివారం ఉదయం ప్యాసింజరుకు రేపల్లె వెళ్ళి ఆయన ఇంటి అరుగుమీద కూర్చునేవాణ్ణి. మొదటి రోజు నన్ను నఖశిఖపర్యంతం చూశారు.

"నడుము భలే ఉందండి. ఊదేవాడికి అట్టా నిలబడాలి నడుము. తల మాత్రం కాస్త దించాలి."

"మా ఇంట్లో తల దించడం అలవాటు లేదు మాస్టారూ."

"తెలుసండి. మీ తాతగారు తలెత్తుకునే కూర్చునేవారు. ఆయన వినేవారు కదండి, ఆయనకి చెల్లింది. ఊదేవాడు తలెత్తితే గాలి పక్కల్నించి పోద్ది. ఏంటి, నమ్మరా? ఊదండి మరి."

ఊదాను. బాతు అరిచినట్టు ఒక చప్పుడు వచ్చింది. లోపలినుంచి ఆయన భార్య, "ఏమయ్యా, ఎవర్ని ఏడిపిస్తున్నావు పొద్దున్నే?" అని అడిగారు. ఆయన ఏమీ నవ్వకుండా, "తెనాలి బాబుగారే. ఆయన తాతగారి ముందు నేను మొదటిసారి ఊదినప్పుడు ఇంతకన్నా ఘోరంలే" అన్నారు. అది నిజం కాదని తరువాత తెలిసింది. నన్ను కాపాడడానికి ఆయన చెప్పిన మొదటి అబద్ధం అది.

ఏళ్ళు గడిచేకొద్దీ సభకు జనం తగ్గుతూ వచ్చారు. మా తాత రోజుల్లో పళ్ళెం నిండి రీడ్లు కిందికి జారేవట. బాపట్ల బడి వరండాలో జరిగిన ఒక సభకు వచ్చినవి ఇరవై ఏడు. ఆ రోజు ఉదయంనుంచి విడవని వాన. మేకలు రెండు వరండా ఎక్కి సగం సభాస్థలం ఆక్రమించుకున్నాయి. పెద్దవాళ్ళు తడిసిన పంచెలతో గోడకు చేరబడి వాయిస్తుంటే నాకు తల కొట్టేసినట్టయింది. మాస్టారు మాత్రం ఒక మేకను పక్కకు జరిపి, దాని వీపుమీదే తువ్వాలు ఆరేసి, వాయించడానికి కూర్చున్నారు. తిరిగి వచ్చేటప్పుడు స్టేషన్లో అన్నాను, ఈ సభ ఇలా జరగడం మా వంశానికి మర్యాద కాదని. "సభ మీ వంశానిది కాదండి బాబూ, పళ్ళెం మీది" అన్నారాయన, ఎంతో మెత్తగా. నేను ఆ మెత్తదనాన్ని మాత్రమే విన్నాను.

మరుసటి ఏడు, సభను నడిపే క్లారినెట్ వాళ్ళ సంఘానికి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. అప్పుడు మాస్టారు కంటి ఆపరేషనయి బాపట్లలో కూతురి ఇంట్లో ఉన్నారు. ఆయనను అడగాలని నాకు తోచలేదు. జనం రాకపోవడానికి కారణం నాకు స్పష్టంగానే కనబడింది: ఆషాఢం, వాన, బురద, మేకలు. శూన్యమాసంలో ఎవరైనా శుభకార్యం పెట్టుకుంటారా? మా ఇంట్లో బావి తవ్వినా పంచాంగం చూసేవారు. అందుకని పంచాంగం తెప్పించి, మాఘమాసంలో తిథీ వారమూ నక్షత్రమూ అన్నీ కుదిరిన ఒక దివ్యమైన రోజు తీశాను. స్థలం తెనాలిలోనే, ఏసీ కల్యాణమండపం. కార్డులు అచ్చువేయించాను. సంఘం పెద్దలు ఐదుగురినీ పిలిచి తేదీ చెబితే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మీ ఇష్టం బాబుగారూ" అన్నాడు ఒకడు. "మీరు పంచాంగం చూశాక ఇంకేముందండి" అన్నాడు మరొకడు. ఆ మాటను నేను ఒప్పుకోలుగా తీసుకున్నాను.

మండపం మేనేజరు రిజిస్టరు తిప్పుతూ, "ఆ రోజు హాలు దొరకడమంటే మాటలు కాదండి. ఎవరిదో సంబంధం చెడిపోయి రద్దు చేసుకున్నారు, మీ అదృష్టం. సీజన్ రేటే పడుద్ది మరి. ఇంతకీ పెళ్ళి ఎవరిదండి?" అన్నాడు.

"పెళ్ళి కాదు. క్లారినెట్ విద్వాంసుల సభ."

అతను కలం ఆపి, నన్ను కాసేపు చూసి, "ఆ రోజునా అండి?" అన్నాడు. "ఆ రోజే" అన్నాను. అప్పుడైనా నాకు తట్టి ఉండాలి.

సభరోజు ఉదయం మూడువందల కుర్చీలు, ఘుమఘుమలాడే పులిహోర, వేదికమీద మా తాత ఫొటో. గుమ్మం దగ్గర తోమి మెరిపించిన వెండి పళ్ళెం. తొమ్మిదయ్యేసరికి నలుగురు ముసలివాళ్ళు వచ్చారు, ఊపిరి చాలక వాయించడం మానేసినవాళ్ళు. పదికి మొత్తం తొమ్మండుగురు. వాకిట్లో నిలబడ్డాను. వింతేమిటంటే తెనాలి అంతా క్లారినెట్ వినబడుతోంది. ఎదురు సందులో ఒకటి, కాలువ అవతల ఒకటి, వెనక వీధిలో రెండు. ఇంతలో ఒక పెళ్ళికొడుకు కారు మా మండపం ముందునుంచే వెళ్ళింది. దాని ముందు బ్యాండు మేళం. ఎర్రకోట్లు తొడుక్కుని క్లారినెట్లు ఊదుతున్న ఇద్దరూ మా సంఘం వాళ్ళే. "మీ ఇష్టం బాబుగారూ" అన్నవాడు నన్ను చూశాడు. పాట మధ్యలో ఆపడానికి వీల్లేదు కదా, వాయిద్యం పైకెత్తి, కళ్ళతోనే నమస్కారం పెట్టి, ఊదుకుంటూ వెళ్ళిపోయాడు.

పెళ్ళిళ్ళకు ఊదేవాళ్ళ సభను పెళ్ళి ముహూర్తం రోజున పెట్టాను. అది నాకు ఆ నడిరోడ్డుమీద, ఆ సన్నాహం అంతా వెనకపెట్టుకుని నిలబడ్డాక అర్థమయింది.

అప్పుడే ఆటో దిగారు మాస్టారు, నల్ల కళ్ళద్దాలతో, కూతురి చెయ్యి పట్టుకుని. పళ్ళెం తడిమి తన రీడు వేశారు. వేలితో మిగతావాటిని లెక్కపెట్టి, "పది. తక్కువేం కాదు" అన్నారు.

"వాళ్ళెవరూ నాకు ఒక్క మాట చెప్పలేదు మాస్టారూ."

"ఎట్టా చెబుతారండి? వాళ్ళ నాన్నలు మీ గుమ్మంలో తిన్నారు. మీకు ఎదురు చెప్పడానికి నోరు రాదు. మీరేమో తేదీ చెప్పారుగానీ అడగలేదు." పళ్ళెం అంచు తడుముతూ, "అందరి మంచిరోజూ మనకి పనిరోజండి. ఆషాఢంలో మనల్ని పిలిచేవాడు లేడు, హాలు ఊరికే ఇస్తారు, గోడౌనూ ఖాళీగా ఉంటది. మీ తాతగారు అంత పంచాంగం పిచ్చి ఉండి కూడా ఆషాఢం ఎందుకు పెట్టారనుకున్నారు?" అన్నారు.

నేను రాజీనామా చేస్తానన్నాను. ఆయన బుగ్గలు కళ్ళద్దాలదాకా లేచాయి. "చేద్దురుగాని. ముందు ఆ పులిహోర సంగతి చూడండి."

ఆ తరువాత ఆయన చేసిన పని నేను మరచిపోలేను. కుర్చీ ఒకటి రోడ్డు పక్కన వేయించుకుని కూర్చున్నారు. కళ్ళు సరిగ్గా ఆనకపోయినా వచ్చే మేళాన్ని వినికిడితోనే గుర్తుపట్టి, పేరు పెట్టి పిలిచేవారు. "ఒరే కోటేశ్వరరావూ, తలంబ్రాలయ్యాక ఇటు రారా, బాబుగారు భోజనం పెడుతున్నారు." మధ్యాహ్నం ఒంటిగంటనుంచి ఇద్దరూ ముగ్గురూ చొప్పున వచ్చారు, ఎర్రకోట్లతోనే, చెమటలు కారుతూ. పెళ్ళి భోజనం వదులుకుని వచ్చారని తరువాత తెలిసింది. గబగబా తిని, నా వంక చూడలేక, మళ్ళీ వాయించడానికి పరుగెత్తారు. సభ జరగలేదు. ఒక్క కీర్తన కూడా పలకలేదు. పులిహోర మాత్రం మిగల్లేదు.

సాయంత్రం రైలెక్కబోతూ మాస్టారు అన్నారు: "వచ్చే ఆషాఢం రేపల్లెలో. అధ్యక్షులు మీరే. తప్పు చేసినవాణ్ణి తీసేస్తే ఆ తప్పు ఇంకొకడు మళ్ళీ చేస్తాడండి. కానీ కార్డులొద్దు, వాట్సాప్ వద్దు. ఇంటింటికీ వెళ్ళి అడగండి."

"ఏమని?"

"ఎప్పుడు కుదురుద్దో అడగండి. అడిగాక వాళ్ళు చెప్పేదాకా కూర్చోండి. మీరు లేచి నిలబడితే వాళ్ళు చెప్పరు."

వెళ్ళాను. మా గుమ్మంలోకి వచ్చినవారి గుమ్మాల్లోకి వెళ్ళడం మా ఇంట్లో ఎవరూ చేయని పని. మొదటి ఇల్లు కోటేశ్వరరావుది. ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశారు. అతను నిలబడ్డాడు. ఏం చేయాలో తెలియక నేను కుర్చీ వదిలి చాపమీద కూర్చున్నాను. అప్పుడతను కూర్చున్నాడు. చాలాసేపు వాన గురించి, కీళ్ళనొప్పుల గురించి మాట్లాడాక, "బాబుగారూ, ఒకటి చెప్పనాండి? రేపల్లె అయినా బాపట్ల అయినా మన రైలు తొమ్మిదిన్నరకి గాని చేరదు. మీరు ముందురోజే వెళ్ళి తొమ్మిదికల్లా మొదలెడితే తెనాలి వాళ్ళు పళ్ళెం దగ్గరికి ఆలస్యంగా రావడానికి సిగ్గుపడి మానేస్తున్నారండి" అన్నాడు. జనం తగ్గడానికి వాన కారణం కాదని, నేను పళ్ళెం పెట్టే వేళ కారణమని, అన్ని సంవత్సరాలకు ఒక చాపమీద కూర్చుని తెలుసుకున్నాను.

రేపల్లె గోడౌనులో సభ పదకొండింటికి మొదలయింది. బయట వాన, లోపల కొత్త గోనెసంచుల వాసన. గుమ్మం దగ్గర మాస్టారు నిలబడి ఉన్నారు. అద్దాలు తీసేశారు, చూపు బాగా వచ్చింది. నా చేతులు చూశారు. చేతుల్లో తువ్వాలు చుట్టిన మూట లేదు.

"పళ్ళెం ఏదండి?"

"బీరువాలో ఉంది మాస్టారూ. తేవడం మరిచాను."

ఆయన ఒక క్షణం నా ముఖంలోకి చూశారు. వెనక జనం వింటున్నారు. "మంచిపని చేశారు. ఈ వానకి వెండి నల్లబడుద్ది" అని గట్టిగా అని, తన టిఫిన్ క్యారియర్ విప్పి, పైమూత తుడిచి, గుమ్మం దగ్గర పెట్టారు. మొదటి రీడు తానే వేశారు. సాయంత్రం నేను లెక్కపెట్టాను, యాభై మూడు. రాలేనివాళ్ళు మనిషిచేత పంపినవి కూడా అందులో ఉన్నాయి.

ఆ మూత ఇప్పుడు నా దగ్గర ఉంది. మాస్టారు పోయాక వాళ్ళ అమ్మాయి తెచ్చి ఇచ్చింది. ఏటా దాన్నే తువ్వాలులో చుట్టి తీసుకువెళ్తాను. ఈసారి బాపట్లలో తేదీ మూడు ఊళ్ళ వాళ్ళనీ అడిగి పెట్టాను, యాభై రెండు గుమ్మాలు ఎక్కి దిగాను. ఊదేటప్పుడు తల దించుతాను. రెండు రీడ్లు తీసుకువెళ్తున్నాను, ఒకటి నాది, ఒకటి ఆయన పంపినది.

వెండి పళ్ళెం ఏ బీరువాలోనూ లేదు. ఆ మాఘమాసంలోనే, కల్యాణమండపానికీ వంటవాళ్ళకూ పడ్డ బాకీ కట్టడానికి, తెనాలి బజారులో అమ్మాను.