కాటా కింద చింతపండు

నా చిన్నప్పుడు మా బోరిగుమ్మ బజారులో ఒళ్లు చేసిన షావుకారంటే గౌరవం ఉండేది. పొట్ట ముందుకొస్తే కొట్టు బాగా నడుస్తోందనేవారు. ఆ గౌరవం మగవాళ్ల పొట్టకే. పదేళ్ల ఆడపిల్ల బొద్దుగా ఉంటే మాత్రం ఊరందరికీ నోళ్లు లేచేవి.

ఇప్పుడు నేనుంటున్న సెమిలిగుడలో సాయంత్రమయ్యేసరికి డాబాల మీద ఫోను ఆన్ చేసుకుని పాటలకు గెంతే ఆడవాళ్లు, రబ్బరు పట్టీలు కాళ్లకు తగిలించుకుని సాగదీసే కుర్రకారు, చేతి వాచీ చూసుకుంటూ అడుగులు లెక్కపెట్టే రిటైరైన పెద్దమనుషులు కనిపిస్తారు. నాకు ముచ్చటేస్తుంది. పెద్ద ఖర్చు లేని పని, హాయిగా చేసుకోనీ అనుకుంటాను. కానీ వాళ్లలో ఏ పిల్లయినా అన్నం మానేశానని గొప్పగా చెబితే మాత్రం నా ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకో చెప్పాలంటే మా తాతయ్య సంగతి చెప్పాలి.

మా తాతయ్య విజయనగరం వైపు నుంచి ఘాటీ ఎక్కి వచ్చి, కొండల మధ్య ఉన్న బోరిగుమ్మలో కొట్టు పెట్టాడు. కొండల మీంచి వచ్చేవాళ్ల దగ్గర చింతపండు, రాగులు కొనేవాడు. వాళ్లకు ఉప్పు, బియ్యం, నూనె అమ్మేవాడు. కొట్టు మధ్యలో దూలానికి ఇనప గొలుసులతో పెద్ద కాటా వేలాడేది. ఒక పళ్లెంలో సరుకు, ఇంకో పళ్లెంలో తూకపు రాళ్లు. కొందరు షావుకార్లు సరుకు పళ్లెం అడుగున చింతపండు ముద్ద అంటించి జనాన్ని ముంచేవారు. అందుకని మా తాతయ్య రోజూ కొట్టు తెరవగానే రెండు పళ్లాలూ బోర్లించి, తుడిచి, కళ్లకద్దుకునేవాడు. ఆయన తూచితే ఎవరూ మళ్లీ తూచుకునేవారు కాదు. ఆయన సంపాదించినదంతా ఆ పేరే.

నా పదో ఏట ఒక సెలవురోజు మా పెదనాన్న పిల్లలు నన్ను ఆ కాటా ఎక్కించారు. బస్తాలు తూచే ఇంట్లో పిల్లలకు వేరే ఆటలేముంటాయి? అవతలి పళ్లెంలో ఒక చింతపండు బస్తా పెట్టారు. నా పళ్లెమే నేలకు దిగింది. అందరూ పడీ పడీ నవ్వారు. ఆ రోజు నుంచి ఇంట్లో నా పేరు బస్తా. నేనూ నవ్వేశాను గానీ ఆ రాత్రి అన్నం సహించలేదు. తర్వాత అదే అలవాటు చేసుకున్నాను. ముద్దలు పావడాలో దాచి పెరట్లో ఆవుకు పెట్టేదాన్ని. రెండు వారాలు తిరక్కుండా బడిలో కళ్లు తిరిగి పడిపోయాను. నాయనమ్మ దిష్టి తీసింది, మా అమ్మ తిట్టింది, ఏడ్చింది. కారణం మాత్రం నేను నోరు విప్పి చెప్పలేదు.

మా తాతయ్య అడగనూ లేదు. ఒకనాడు తెల్లవారుతూనే నేను దొంగతనంగా కాటా ఎక్కి, అవతలి పళ్లెంలోకి రాళ్లు అందక తంటాలు పడుతుంటే గుమ్మంలోంచి చూశాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆయన మాత్రం మెల్లగా వచ్చి, తనే రాళ్లు వేసి నన్ను తూచాడు. తూచి, నా పక్కన కూర్చున్నాడు.

"తింటేనే కాటా తగ్గుతాది అమ్మి. కాలీ కడుపుతో ఒళ్లు మొండికేస్తాది. మూడు పూటలా తిను, నాతోపాటు పొద్దున్నే గెంతు. వారం వారం నానే తూస్తాను. ఎవరికీ సెప్పను, ఒట్టు."

మరునాటి నుంచి మా కసరత్తు మొదలైంది. బస్తాలు కట్టే తాడు రెండు పేటలు వేసి నాకు గెంతుడు తాడు చేశాడు. నేను గెంతుతుంటే ఆయన పంచె ఎగ్గట్టి, మోకాళ్లు పట్టుకుని, తాడు లేకుండానే నాలుగు గెంతులు వేసి చతికిలపడేవాడు. చెరో చేత కిలో రాయి పట్టుకుని పైకెత్తేవాళ్లం. జయపురం రోడ్డు మీద ఊరి చివరిదాకా నడిచి వచ్చేవాళ్లం. వారం తిరిగాక తూస్తే అరకిలో తగ్గాను! ఆ పూట రెండుసార్లు మారు వడ్డించుకున్నాను. మరో వారం, ఇంకో అరకిలో. మొదట పది గెంతులకే ఆయాసపడేదాన్ని, నూరు దాటేశాను. బుగ్గలు మాత్రం అలాగే ఉన్నాయి. కాటా అబద్ధం చెబుతుందని మా ఇంట్లో పుట్టిన పిల్లకు తోచదు కదా.

ఒక సంతరోజు తెల్లవారుజామున నన్ను తూచి, నడకకు వెళ్లి ఆలస్యం చేశాం. మేం తిరిగొచ్చేసరికే కొట్టు ముందు జనం. పళ్లాలు బోర్లించే తీరిక లేక తాతయ్య గబగబా తూకం మొదలుపెట్టాడు. ఎప్పుడూ మాకు చింతపండు తెచ్చే కొండ ముసలామె ఉప్పు కోసం ముందు నిలబడింది. రాళ్ల పళ్లెం గొలుసు మీద చీమలు బారులు కట్టి దిగడం చూసి, వంగి అడుగున చెయ్యి పెట్టింది. చేతికి ముద్ద తగిలింది.

"షావుకారు కాటా కింద సింతపండు అంటించేడర్రా!" అని వెనక ఎవరో కేక పెట్టారు.

ఒక్క నిమిషంలో కొట్టు ముందు సంతంతా మూగింది. ఆ ముద్ద ఉన్నది రాళ్ల వైపు. ఆ పూట అప్పటిదాకా తూచినదంతా అమ్మకమే. అటు బరువు పెరిగితే సరుకే ఎక్కువ వెయ్యాలి, నష్టం మాకే. తాతయ్య ఆ ఒక్క మాట అంటే చాలు. కానీ మరెందుకు పెట్టావని అడుగుతారు. అప్పుడు నా పేరు చెప్పాలి. ఆయన ఒక్కసారి లోపలి గుమ్మంలో ఉన్న నా వైపు చూశాడు. తర్వాత తల వంచుకుని, "తప్పైపోయింది" అన్నాడు.

నాకు అంతా అర్థమైపోయింది. ఆ ముద్ద బరువే నేను తగ్గాననుకున్న బరువు. నిజం చెప్పాలి, ముందు నాకొచ్చింది ఏడుపే. అంటే నేను తగ్గనే లేదన్నమాట! మరుక్షణం ఆయన వంచిన తల చూశాను. ఎవరికీ ఎన్నడూ వంచని తల. కాళ్లు ఎలా కదిలాయో తెలియదు, పరుగెత్తి వెళ్లి అందరి ముందూ కాటా ఎక్కి కూర్చున్నాను.

"అది నాకోసం పెట్టేడు. లావుగున్నానని నాను అన్నం మానేసేను. తినాలని అలా సేసేడు," అని వెక్కుతూ అరిచాను.

ఎవరూ నవ్వలేదు. కొండ ముసలామె నా చంకల కింద చేతులు వేసి నన్ను అమాంతం ఎత్తింది. సంతలో నేర్చుకున్న తెలుగులో, "ఇదేటి లావు? నా గంపే ఇంతకన్నా బరువు, కొండ దిగి మోసుకొస్తన్నాను కదా," అంది. నన్ను దించి, తాతయ్య వైపు తిరిగి ఉప్పు తూచమంది. ఆయన ముద్ద ఊడదీసి, రెండు పళ్లాలూ బోర్లించి తుడిచాడు. ఆ తర్వాతే ఉప్పు తూచాడు. ఆమె కళ్లు తుడుచుకుంటూ ఉప్పు పట్టుకెళ్లింది.

మధ్యాహ్నం పక్కపక్కన కూర్చుని తింటున్నప్పుడు, నిజంగా ఎంత తగ్గానని తాతయ్యను అడిగాను. "నాకూ తెల్దమ్మి. నూరు గెంతులు మాత్రం నీవే, అందులో అబద్ధం లేదు," అన్నాడు. మర్నాడు పొద్దున్న తూకం మాట లేకుండానే ఇద్దరం గెంతాం.

నాకు అరవై దాటాయి. ఇప్పటికీ బొద్దుగానే ఉన్నాను. ఎప్పుడైనా అద్దం ముందు మనసు చిన్నబుచ్చుకోబోతే, నా పేరు బయటపడకూడదని సంతంతా చూస్తుండగా తల వంచుకున్న ఆ మనిషి గుర్తొస్తాడు. ఆయన తన పరువు పణంగా పెట్టి కాపాడిన ఒళ్లు ఇది. దీన్ని నేనెలా అసహ్యించుకోను?