రొదలో రెజీనా పాట

కల్లూరులో స్కూలు బస్సు నడిపే గాబ్రియేలు తొందరపడే మనిషి కాడు. రైలు గేటు పడితే ఇంజను ఆపేసి, స్టీరింగు మీద వేళ్లతో తాళం వేసుకుంటూ కూర్చుంటాడు. గిటారు కూడా ఆ ఓపికతోనే పట్టుబడింది. నేర్పేవాళ్లు లేరు. చర్చిలో ఎవరైనా వాయిస్తుంటే వేళ్లు ఎక్కడ పడుతున్నాయో చూసుకుని, ఇంటికొచ్చి ఆ స్వరం దొరికేదాకా వెతుక్కునేవాడు. కడపలో పెళ్లిళ్లకు వాయించే బ్యాండువాళ్లు పాత సామాను అమ్మేస్తున్నారని తెలిసి, ఒక ఎలక్ట్రిక్ గిటారునూ, దాని శబ్దాన్ని పెంచే ఆంప్లిఫయరు పెట్టెనూ బస్సు టాపు మీద వేసుకుని తెచ్చుకున్నాడు.

అటువంటి మనిషి ఆ మధ్యాహ్నం కాలు నిలవకుండా తిరుగుతున్నాడు.

భార్య రెజీనా సాయంత్రానికల్లా ఆస్పత్రిలో చేరాలి. తెల్లారితే గొంతు దగ్గర గడ్డకు ఆపరేషను. చాలామందికి ఏమీ కాదనీ, కొందరికి మాత్రం గొంతు మారొచ్చనీ డాక్టరమ్మ చెప్పింది. గాబ్రియేలు చెవిలో ఆ రెండో మాటే మిగిలింది. రెజీనా తానే కట్టి చర్చిలో పాడే పాట ఒకటుంది. అది ఇంతవరకూ ఎక్కడా రికార్డు కాలేదు. ఆటో వచ్చేలోగా ఆ పాటను ఈ గొంతుతోనే పట్టి ఉంచాలి.

అదే ఊళ్లో ఉండే నా దగ్గర ఒక లాప్‌టాపూ, ఒక మైకూ ఉన్నాయి. రికార్డింగు ఎన్నో పాటలు పాడుచేసి నేర్చుకున్న పని. రమ్మంటే వాళ్లింటికి వెళ్లాను.

మీట నొక్కగానే ఆంప్లిఫయరు గుంయ్‌మంది. తేనెపట్టు కదిలించినట్టు గదంతా అదే రొద. రెజీనా పల్లవి ఎత్తుకుంది. హెడ్‌ఫోనులో ఆమె గొంతు కన్నా రొదే ముందుంది.

"గిటారు లేకుండా పాడమ్మే," అన్నాడు గాబ్రియేలు.

"తీగల మీద నీ ఏళ్లు సూసుకుంటా కట్టిన పాట అది. గిటారు లేకుంటే యాడ ఎత్తుకోవల్లనో నాకే తెలీదు."

"కరెంటు ల్యాని చర్చి గిటారన్నా తెస్తామంటే యూత్ పిల్లోళ్లు నంద్యాల ఎత్తకపోయిరి," అని నా వైపు చూశాడు. "ఏం చేస్తామప్పా?"

ఒక్కొక్కటే తీసేద్దామన్నాను. ట్యూబులైటు ఆర్పాము. ఫ్రిజ్ ప్లగ్గు పీకాము. ఫోన్లు వంటింట్లో పెట్టాము. ఫాను ఆపేసరికి మే నెల ఎండ గదిలోకి దిగినట్టయింది. పక్కింటివాళ్లకు భయపడి గాబ్రియేలు గిటారు మీద శబ్దం తగ్గించి, పెట్టె మీద మాత్రం పెంచినట్టే వదిలేసేవాడు. దాన్ని తిరగేయించాను. గిటారు నిండుగా, పెట్టె తక్కువగా. మైకును పెట్టె జాలీకి ఆనించినంత దగ్గరగా జరిపాను. రొద సగానికి దిగింది. దిగిందనుకునేలోపే చిటచిటలు మొదలయ్యాయి.

గోడ అవతల చిన్న ఈరన్న వెల్డింగు షాపు. అతను కడ్డీ అంటించినప్పుడల్లా మా హెడ్‌ఫోనులో నిప్పులు రాలుతున్నాయి. గాబ్రియేలు బయటికి వెళ్లి గోడ మీద నుంచి పిలిచాడు.

"ఈరన్నా, కొంచేపు ఆపప్పా. పాట రికార్డు చేస్తాండాము."

"బాగుండాదే! నీ టింగుటింగుల కోసరం నేను గేటు పని ఆపల్లనా? మేస్త్రీ వచ్చి నెత్తిన కూచుండాడు ఈడ."

"నాది కాదప్పా. రెజీనా పాడతాంది. సాయంత్రం ఆస్పత్రికి పోవల్ల."

ఈరన్న ముఖానికి కట్టుకునే నల్లద్దం పైకెత్తి గోడ మీదకు తల పెట్టాడు. "ఆ మాట ముందే చెప్పేకి నీకు నోరు ల్యా? మేస్త్రీని టీకి తోల్కపోతాండా. తాగేటోడు బిర్రున తాగుతాడు, వాడొచ్చేలోగా బిన్నా కానీండి."

చిటచిటలు పోయాయి. అడుగున గుంయ్‌మనే రొద మాత్రం అలాగే ఉంది. గాబ్రియేలు తీగల మీద చెయ్యి వేస్తే తగ్గుతుంది, తీస్తే లేస్తుంది. చెయ్యి వేసినప్పుడల్లా వేళ్లు సన్నగా జుమ్మంటున్నాయట. పెట్టెకు ఎర్తు సరిగా అందడం లేదేమోనని అన్నాను, అనుమానంగానే.

రెజీనా ముఖం మారింది. "గుంతకు నీళ్లు పోసి శానా దినాలాయనా."

ఇల్లు కట్టినప్పుడు పెరట్లో బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తు గుంత తీశారు. ఎండాకాలం అది ఆరిపోతే ఎర్తు అందదని గిన్నెలు కడిగిన నీళ్లన్నీ ఆమె అందులోనే పోసేది. ఈ ఏడు బోరు సన్నబడింది. కరివేపాకు చెట్టు వాడిపోతుంటే చూడలేక ఆ నీళ్లు చెట్టుకు మళ్లించింది. వెళ్లి చూస్తే గుంతలో మన్ను బీటలు వారి ఉంది. డ్రమ్ములో అడుగున ఉన్నవి స్నానానికని దాచుకున్న నీళ్లు. గాబ్రియేలు బకెట్టుతో ముంచి, ఆగకుండా గుంతలో పోశాడు.

"తానానికి నీళ్లు ల్యాకుండా ఆస్పత్రికి పోవల్లనా నేను?"

"ఈరన్నోళ్లింట్ల అడుగుతాలేమ్మే. నువ్వు రా, పాడు."

మన్ను నీళ్లు పీల్చేదాకా కూర్చున్నాము. రొద మెల్లగా దిగి, చెవి పెట్టి వింటే తప్ప తెలియనంత సన్నబడింది.

రెజీనా కొంగుతో చెమట తుడుచుకుని ఎత్తుకుంది. మొదటి చరణం దాటింది. రెండోదానికి ముందు ఆగి, ఊపిరి లోపలికి తీసుకుంది. గాబ్రియేలు ఆమె వైపు చూడకుండా తీగల మీదే కళ్లు పెట్టుకుని వాయించాడు. పాట చివరిదాకా వచ్చింది. ఆఖరి తీగ ఇంకా మోగుతుండగానే గోడవతల కడ్డీ అంటుకుంది.

మిగిలిన ఆ కాస్త రొదనూ లాప్‌టాపులో తీసేస్తానన్నాను. ఖాళీగా ఉన్న చోట రొదను గుర్తుపట్టించి, అటువంటిది పాటంతటా తుడిచేయమన్నాను. తుడిచేసింది. గాబ్రియేలు హెడ్‌ఫోను పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. రెండో చరణం దగ్గర తెరిచాడు.

"ఆడ ఊపిరి తీస్తాది కదా ఆమె. అది యాడ పోయ?"

మళ్లీ విన్నాను. నిజమే. రొదతో పాటు ఆ ఊపిరీ తుడుచుకుపోయింది. మాటల చివర్లు కూడా నీళ్లలో తడిసిన కాగితంలా పలచబడ్డాయి. ఎంత తగ్గించి చేసినా ఎంతో కొంత ఊపిరి పోతూనే ఉంది. బయట ఆటో హారను కొట్టింది.

"ముందుదే ఇయ్యప్పా," అన్నాడు. "రొద ఉంటే ఉండనీ."

ఆ పాటనే అతని ఫోనులోకి ఎక్కించాను. ఆటోలో కూర్చున్నాక గాబ్రియేలు వినిపించబోతే రెజీనా అతని చేతిని పక్కకు తోసింది.

"ఇప్పుడొద్దయ్యా. రేపు నోరు తెరిచి నా గొంతు సూసుకున్యాక ఇంటా," అంది. "బట్టల సంచి ఇట్లియ్యి. ఆటోను పోనీమను."